కాన్పు తరువాత స్తనభారం తగ్గించే శస్త్రచికిత్స ఎప్పుడు?

అమెరికాలోని తెలుగు కుటుంబాలలో కాన్పు సమయానికి బాలింత తల్లిగారో, అత్తగారో స్వదేశం నుండి వచ్చి తోడుండడం ఆనవాయితీ. సందర్శకులకు సాధారణంగా లభించే గడువు ఆరు నెలలు. స్తనాల అధిక భారంతో ఏళ్ళ తరబడి బాధపడుతున్న స్త్రీకి, అమ్మ ఇక్కడ ఉండగానే శస్త్రచికిత్స కూడా చేయించుకుంటే బాగుండునన్న ఆలోచన రావడం సహజం. అయితే వీసా గడువు ఒక లెక్క, శరీరం అడిగే గడువు మరొక లెక్క. ఈ రెంటికీ పొంతన కుదరకపోవడానికి కారణం స్తనగ్రంథిలో జరిగే రసాయనిక మార్పులే.

ఈ చికిత్స కేవలం అందం కోసమన్న అపోహ పెద్దలలో కద్దు. అది సరికాదు. ఎడతెగని మెడనొప్పి, వెన్నునొప్పి, లోదుస్తుల పట్టీలు ఒరుసుకుని భుజాలపై పడే గాడులు, స్తనాల కింద చెమట నిలిచి పుట్టే పొక్కులు, పుండ్లు – ఇవన్నీ నిజమైన బాధలు. బిడియం వలన వైద్యునికి చెప్పుకోలేక భరించేవారు ఎందరో.

స్తనంలో పాలు తయారుచేసే గ్రంథులు, ఆ పాలను చేరవేసే నాళాలు, వీటి చుట్టూ కొవ్వు ఉంటాయి. చూలు నిలిచినది మొదలు ఈస్ట్రోజెన్, ప్రోజెస్టిరోన్, ప్రొలాక్టిన్ అనే హార్మోనుల ప్రభావంతో గ్రంథి భాగం పెరుగుతుంది. అయినా పాలు పడవు. ప్రోజెస్టిరోన్ వాటిని అడ్డగిస్తుంది. కాన్పులో మాయ బయటపడగానే ఆ హార్మోను మట్టం పడిపోయి, రెండు నుండి నాలుగు రోజులలో పాలు పడతాయి. ఆపైన బిడ్డ చప్పరించినప్పుడల్లా నాడుల ద్వారా మెదడుకు కబురు అందుతుంది. పీయూషగ్రంథి నుండి వెలువడే ప్రొలాక్టిన్ పాలను తయారుచేయిస్తుంది. ఆక్సిటోసిన్ వాటిని నాళాలలోకి నెట్టుతుంది. దూడను విడవగానే ఆవు చేపడానికి మూలం కూడా ఆక్సిటోసినే. తొమ్మిది ఎమినో ఆమ్లాల ఈ చిన్న అణువును 1953లో విన్సెంట్ డు విన్యో ప్రయోగశాలలో నిర్మించాడు. ఆయనకు 1955లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

బిడ్డ పాలు మానిన తరువాత ఈ వ్యవస్థ ఒక్కరోజులో ఆగిపోదు. నిలిచిపోయిన పాలే ఉత్పత్తి తగ్గించమన్న సంకేతంగా పనిచేస్తాయి. పాలు చేసే కణాలు క్రమంగా నశించి, వాటి స్థానాన్ని కొవ్వు ఆక్రమిస్తుంది. దీనికి కొన్ని వారాలు మొదలు కొన్ని నెలల వరకు పడుతుంది. ఈలోగా స్తన పరిమాణం మారుతూనే ఉంటుంది. అప్పుడు కొలతలు తీసుకుని కణజాలాన్ని తొలగించడం ఊగుతున్న త్రాసులో బంగారం తూచడం వంటిది. తరువాత స్తనాలు మరింత కుంచించుకుపోవచ్చు, హెచ్చుతగ్గులు తేలవచ్చు. పాలు గాయంలోకి ఊరితే చీము పట్టే ప్రమాదమూ ఉంది. అదీగాక, కాన్పు తరువాత తొలి ఆరు వారాలలో రక్తనాళాలలో రక్తం గడ్డకట్టే స్వభావం హెచ్చుగా ఉంటుంది.

అందుచేత పాలు పూర్తిగా ఇంకిపోయిన తరువాత కనీసం మూడు నెలలు, వీలైతే ఆరు నెలలు ఆగాలని, శరీరపు బరువు కూడా నిలకడకు రావాలని శస్త్రవైద్యులు సాధారణంగా సూచిస్తారు. బిడ్డకు తొలి ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వాలని, ఇతర ఆహారంతోపాటు రెండేళ్ళు, ఆపైన కూడా కొనసాగించవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఏడాదిపాటు పాలిచ్చిన తల్లికి తగిన సమయం కాన్పు జరిగిన ఏడాదిన్నర ప్రాంతంలో వస్తుందన్నమాట. శస్త్రచికిత్స కోసం బిడ్డకు తొందరపడి పాలు మాన్పించనక్కరలేదు. ఈలోపు సరైన కొలత గల లోదుస్తులు, వెన్ను కండరాలకు వ్యాయామం, చర్మానికి మందులు కొంత ఉపశమనమిస్తాయి.

మరొక బిడ్డను కోరుకునేవారు ఇంకొక విషయం ఆలోచించాలి. తిరిగి గర్భం దాల్చితే స్తనాలు మళ్ళీ పెరగవచ్చు. శస్త్రచికిత్సలో కొన్ని గ్రంథులు, నాళాలు, నాడులు తెగుతాయి. చనుమొనను దాని కింది కణజాలంతో కలిపే ఉంచే పద్ధతులలో చాలామంది తరువాతి బిడ్డకు కొంతమేరకైనా పాలివ్వగలుగుతారు. సరిపడా పాలు పడతాయన్న హామీ మాత్రం లేదు. చనుమొనను వేరుచేసి తిరిగి అతికే పద్ధతిలో ఆ అవకాశం ఉండదు. ఏ పద్ధతి అనుసరిస్తారో ముందుగానే అడిగి తెలుసుకోవాలి. అయితే బాధ భరించరానిదైతే రెండవ కాన్పు వరకు ఆగి తీరాలన్న నియమమేమీ లేదు. ఆ నిర్ణయం ఆ స్త్రీదే.

అమెరికాలోని బీమా సంస్థలు పలు సందర్భాలలో శరీర వైశాల్యానికి, తొలగించవలసిన కణజాలం బరువుకు గల నిష్పత్తిని చూస్తాయి. 1991లో ష్నర్ ప్రచురించిన కొలబద్దను చాలా సంస్థలు వాడుతున్నాయి. నొప్పికి, చర్మబాధకు చేయించుకున్న చికిత్సల వివరాలు వైద్యుని దస్త్రాలలో నమోదై ఉంటే అనుమతి సులభమవుతుంది. వేచి ఉండే నెలలను ఇందుకు వినియోగించుకోవచ్చు. వయసును బట్టి మేమోగ్రాం అవసరమా అన్నదీ అప్పుడే తేల్చుకోవాలి. పొగత్రాగేవారు ముందుగా మానాలి. పొగ గాయాన్ని మాననివ్వదు.

శస్త్రచికిత్స తరువాత కొన్ని వారాలపాటు బరువులెత్తరాదు. ఏడాదిన్నర బిడ్డ పది కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. చంకనెక్కుతానని మారాం చేసే వయసు. ఇంట్లో మరొకరి చేతులు నిజంగా అవసరమయ్యేది అప్పుడే. కనుక పురుటికి వచ్చే అమ్మమ్మ ప్రయాణంలో దీనిని ఇరికించకుండా, శస్త్రచికిత్స తేదీని బట్టి రెండవ ప్రయాణాన్ని నిర్ణయించుకోవడం మేలు.