మూకుడు, త్రాసు, తెల్ల పొడులు

నగరిలో మరమగ్గం చప్పుడు ఆగిందంటే కరెంటు పోయినట్టే. మగ్గం ఉన్నచోట అద్దకం, అద్దకం ఉన్నచోట తెల్ల పొడుల బస్తాలు. నూలుకు రియాక్టివ్ రంగు పట్టాలంటే తొట్టిలో సోడా యాష్ పడాలి. చాకలి సోడా, తినే సోడా దాని దాయాదులు. బస్తా మీద అచ్చు చెరిగిపోతే ఏది ఏదో ఎలా తేలాలి? నాలుక మీద వేసుకుని చూసేవాళ్లు ఉంటారు. ఆ పరీక్ష ఒక్క తినే సోడాకే క్షేమం. అది తినే సోడాయేనని ముందే తెలిసుండాలి, అంతే.

నాలుకకు బదులు, ఏ పొడిలో ఏది ఎంత శాతమో లెక్క వేద్దాం. పరమాణు భారాలు సోడియానికి 23, హైడ్రోజన్‌కు 1, కార్బన్‌కు 12, ఆక్సిజన్‌కు 16. తినే సోడాలో సోడియం, హైడ్రోజన్, కార్బన్ ఒక్కొక్కటి, ఆక్సిజన్‌లు మూడు: మొత్తం 84. అందులో సోడియం వాటా 23, అంటే 27.4 శాతం. సోడా యాష్‌లో సోడియంలు రెండు, మొత్తం 106, వాటా 43.4 శాతం. చాకలి సోడా స్ఫటికం కూడా సోడా యాషే, కాకపోతే పది నీటి అణువులను కడుపులో దాచుకుంది. దాని 286లో నీళ్లే 180, అంటే 62.9 శాతం. పాలలో ఇన్ని నీళ్లు కలిపితే ఊరుకుంటామా?

సోడియాన్ని కొలవాలంటే ప్రయోగశాల కావాలి. నీళ్లను తరమడానికి మూకుడు చాలు. పది గ్రాముల పొడిని బంగారం కొట్టు త్రాసులో తూచి, బాగా వేడిచేసి, చల్లారాక మళ్లీ తూచండి. చాకలి సోడా అయితే 3.7 గ్రాములు మిగులుతుంది. తినే సోడా నీటినీ బొగ్గుపులుసు వాయువునూ వదిలేసి 6.3 దగ్గర ఆగుతుంది. పొడి సోడా యాష్ పదికి పదీ ఉంటుంది. 8.5 మిగిలితే? కంగారొద్దు. చాకలి సోడా మన ఎండకు తొమ్మిది వంతుల నీరు ముందే పోగొట్టుకుని పిండి అయిపోతుంది; మిగిలిన ఒక్క వంతే మూకుట్లో ఆవిరైంది.

ఈ పద్ధతి నిలబడేది ఒక్క నమ్మకం మీద: ఒక పదార్థంలో మూలకాల పాళ్లు ఎక్కడైనా, ఎప్పుడైనా ఒకటే. 1799లో రసాయన శాస్త్రవేత్త ప్రూస్ట్ రాగి కార్బొనేట్‌తో ఈ మాట చెబితే, మరో రసాయన శాస్త్రవేత్త బెర్తొలే ఒప్పుకోలేదు. ఆ బెర్తొలే అంతకుముందే, 1791లో, అద్దకం మీద పెద్ద పుస్తకం రాసినవాడు. ఏళ్ల తరబడి వాదించి, చివరికి ఓడాడు. తొట్టిలో రంగు నూలుకు ఎంతంటే అంత పడుతుంది కదా. అది చూసిన కళ్లకు స్థిరమైన పాళ్లు నమ్మశక్యం కాలేదేమోనని నా అనుమానం.

అయితే త్రాసును మరీ నమ్మకండి. ఉప్పు కూడా మూకుట్లో పదికి పదీ ఉంటుంది. నిమ్మరసం చుక్క వేస్తే సోడా యాష్ పొంగుతుంది, ఉప్పు పొంగదు. శాతం కుదరకపోతే అనుకున్న పేరును ధైర్యంగా కొట్టేయవచ్చు. కుదిరిందని మాత్రం ఖాయం చేయలేం. గ్లూకోజ్, వెనిగర్‌లోని ఆమ్లం, పెరుగుకు పులుపునిచ్చే ఆమ్లం, మూడింటిలోనూ కార్బన్ సరిగ్గా 40 శాతమే.

అద్దకం వాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ నీలిమందు. అందులో ప్రధానమైన ఇండిగోటిన్‌లోనూ, దాని పక్కనే కొద్దిగా ఉండే ఇండిరూబిన్‌లోనూ కార్బన్ 73.3, హైడ్రోజన్ 3.8, నైట్రోజన్ 10.7, ఆక్సిజన్ 12.2 శాతం. మొదటిది నీలం, రెండోది ఎరుపు.