చేపల తొట్టి మీద ఆకుకూర: మేలెప్పుడు, కీడెప్పుడు?

నిరుడు వానాకాలంలో సూర్యాపేటలో ఒక తల్లి తొమ్మిదేళ్ల కొడుకును నా దగ్గరికి తీసుకువచ్చింది. నాలుగు రోజులుగా జ్వరం, కళ్ల వెనక నొప్పి, ఒళ్లంతా సలుపు. రక్తపరీక్షలో డెంగీ అని తేలింది. ఇంట్లో నీళ్లు ఎక్కడెక్కడ నిలవ ఉంటాయని అడిగాను.

"బకీట్లకు మూతలు పెడతం సారూ. డాబా మీద డ్రమ్ము ఒక్కటే ఉంది. మా ఆయన ఫోన్ల జూసి దాంట్ల చాపలేసిండు, పైన కంకరల పాలకూర పెట్టిండు. మూడు వారాలకే చాపలన్నీ సచ్చినయ్. ఇగ దాని దిక్కు ఎవరు జూస్తరు? అట్లనే ఉన్నది."

ఆ నీళ్లు ఒక సీసాలో పట్టి తెమ్మన్నాను. తెచ్చింది. వెలుతురుకు పెట్టి చూస్తే వంకరలు తిరుగుతూ దోమ పిల్లలు! పిల్లవాణ్ణి కుట్టిన దోమ ఆ డ్రమ్ములోనే పుట్టిందని నేను ప్రమాణం చేసి చెప్పలేను. కాని ఆ డ్రమ్ము దోమలకు పురిటిల్లయిన మాట నిజం. పిల్లవాడు కోలుకున్నాడు, అదే సంతోషం.

ఈ పద్ధతికి ఆక్వాపోనిక్స్ అని పేరు. సూర్యాపేటలోనూ, కోదాడలోనూ, మిర్యాలగూడలోనూ పనిచేసినవాణ్ణి కనుక మన డాబాల సంగతి, మన నీళ్ల సంగతి నాకు తెలుసు. పెట్టవద్దని నేననను. మన పళ్లెంలో అన్నం కొండంత, ఆకుకూర గోరంత. ఇంట్లో పిల్లల చేతులతో కోసిన పుదీనా, బచ్చలి ఉంటే అంతకంటె ఏం కావాలి? పైగా చేపలున్న నీటిలో దోమ పిల్లలు బతకవు, చేపలు తినేస్తాయి. పూర్వం చేదబావుల్లో చేపపిల్లల్ని వదిలింది ఇందుకే. కాని చేపలు చచ్చిన తొట్టి ఆ క్షణం నుంచీ రోగాల తొట్టి. కనుక చేపల్ని చంపకుండా మొదలుపెట్టడం ఎలాగో తెలుసుకోండి.

కంకరే తొట్టికి లివరు

చేప మొప్పల నుంచీ, మలం నుంచీ, తినకుండా వదిలిన మేత నుంచీ అమ్మోనియా పుడుతుంది. అది విషం. మన శరీరంలోనూ అమ్మోనియా పుడుతుంది, దాన్ని కాలేయం యూరియాగా మార్చి బయటికి పంపుతుంది. తొట్టిలో ఆ పని చేసేది కంకర రాళ్లకు పట్టుకుని పెరిగే సూక్ష్మజీవులు. ఒక రకం అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. మరొక రకం నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు మొక్కకు ఎరువు. మొక్క దాన్ని పీల్చుకుంటే, నీరు తేరుకుని మళ్లీ చేపకు చేరుతుంది.

చిక్కు ఎక్కడంటే, ఈ సూక్ష్మజీవులు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు మీ తొట్టికి లివరు లేదన్నమాట! మొదటి రోజే ఇరవై చేపల్ని వేస్తే అమ్మోనియాతోనో, నైట్రైటుతోనో చస్తాయి. నైట్రైటు రక్తంలో చేరితే రక్తం ప్రాణవాయువును మోయలేదు, ఎరుపు పోయి గోధుమరంగుకు తిరుగుతుంది. సూర్యాపేట డ్రమ్ములోనూ మూడు వారాలకే చేపలు చచ్చాయంటే కారణం బహుశా ఇదే.

ఏమేమి కావాలి?

రెండు వందల లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము, దానిపైన ఇటుకల దిమ్మె మీదనో ఇనుప స్టాండు మీదనో అరవై లీటర్లు పట్టే వెడల్పాటి టబ్బు, కంకర, పద్దెనిమిది వాట్ల చిన్న నీటిపంపు, కొంచెం పైపు. పంపు రాత్రింబవళ్లు నడిచినా నెలకు పదమూడు యూనిట్ల కరెంటు. తడి కంకర వంద కిలోలకు పైగా తూగుతుంది, స్టాండు గట్టిగా ఉండాలి.

డ్రమ్ము కొనేటప్పుడు అందులో ఇంతకుముందు ఏముండేదో అడగండి. రసాయనాలు, మందుల సరుకు నింపిన డ్రమ్ములు వద్దు. ఎంత కడిగినా నమ్మలేం.

కంకరకూ పరీక్ష ఉంది. కోదాడ, హుజూర్‌నగర్ వైపు సున్నపురాయి ఎక్కువ. సిమెంటు ఫ్యాక్టరీలు అక్కడ వెలిసింది అందుకే. సున్నపురాయి కంకర నీటిలో క్షారగుణం పెంచుతుంది, మొక్కలు పసుపుబారతాయి. రాయి మీద నిమ్మరసం పిండండి. బుడగలు పొంగితే ఆ కంకర పనికిరాదు. పొంగకపోతే కడిగి వాడుకోండి.

పంపు నీటిని టబ్బులోకి ఎత్తుతుంది, టబ్బులో నిలబెట్టిన పైపుగొట్టం ద్వారా నీరు మళ్లీ డ్రమ్ములో పడుతుంది. ఆ గొట్టం చివర కంకర పైభాగానికి రెండంగుళాలు కిందుగా ఉండాలి. కంకర పైపొర పొడిగా ఉంటే దోమ గుడ్లు పెట్టదు, నాచు పట్టదు.

ఏ నీళ్లు?

కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. మనకు మేలు, చేపకు కీడు. వెడల్పాటి పాత్రలో ఒకటి రెండు రోజులు మూత లేకుండా ఆరుబయట ఉంచి, తరువాత పోయండి.

బోరు నీళ్లంటే నల్లగొండ ప్రాంతంవాళ్లం ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. ఫ్లోరైడు మనకు తెలియని శత్రువు కాదు. నీటిలో ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి 'నల్లగొండ పద్ధతి' అన్న పేరే నిలిచింది! లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు మంచిది, ఒకటిన్నర దాటకూడదు. ఎండాకాలంలో తొట్టినీరు ఆవిరైపోతుంది, ఫ్లోరైడు పోదు. మళ్లీ బోరు నీళ్లే పోస్తూ ఉంటే అది చిక్కబడుతుంది. కుళాయి నీళ్లో, పట్టి ఉంచిన వాననీళ్లో వాడండి. మాటవచ్చింది కనుక చెబుతున్నాను. తాగే నీటిని మరిగించినా ఫ్లోరైడు పోదు.

మొదటి ఆరు వారాలు

డ్రమ్ములో నూటయాభై లీటర్ల నీళ్లు నింపి పంపు నడపండి. వారం తరువాత అయిదారు గప్పీ చేపల్ని మాత్రం వేయండి. చవక, గట్టిప్రాణం, దోమ పిల్లలంటే వాటికి పండగ. కంకరలో పుదీనా కొమ్మలు, తీగబచ్చలి గుచ్చండి. మేత రోజుకు ఒక చిటికెడు, అయిదు నిమిషాల్లో తినేయగలిగినంతే. మిర్యాలగూడలో రైసు మిల్లులకు కొదవలేదు, తవుడుకూ కొదవలేదు. అలాగని దోసిళ్లతో పోయకండి. ఒక ఇంట్లో పెద్దావిడ 'పాపం మూగజీవాలు' అని మిగిలిన అన్నమంతా వేసేది. ఆమె జాలికే చేపలన్నీ పోయాయి. బూజుపట్టిన వేరుశనగచెక్క అసలే వేయకండి. ఆ బూజు విషం లివరును పాడుచేస్తుంది.

చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయా? ఆ రోజు మేత మానండి. మూడోవంతు నీరు తీసి, క్లోరిన్ పోయిన నీరు పోయండి. కరెంటు పోతే చెంబుతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి పోస్తూ ఉండండి, గాలి కలుస్తుంది. మన ఎండలు తెలిసినవే కదా, డ్రమ్మును నీడన ఉంచండి.

ఆరు వారాలు చేపలు చావకుండా ఉంటే మీ తొట్టికి లివరు వచ్చినట్లే. అప్పుడు మరికొన్ని చేపలు, తోటకూర, పాలకూర. మొదటి ఏడాది ఆకుకూర ఆశించండి, చేపల పులుసు ఆశించకండి! కొరమీను పెంచాలంటే మరింత పెద్ద తొట్టి, గట్టి వల కావాలి. అది ఎగిరి దూకుతుంది, చిన్న చేపల్ని మింగుతుంది.

డాక్టరుగా నా షరతులు

తొట్టిపైన గట్టి వల బిగించి తాడుతో కట్టండి. పసిపిల్లలు జానెడు నీళ్లలోనే మునిగిపోతారు.

పంపు ప్లగ్గు తీసిన తరువాతే నీటిలో చెయ్యి పెట్టండి. లీకేజీ కరెంటును ఆపే బ్రేకరు పెట్టించుకుంటే ఇల్లంతటికీ రక్ష.

చేతికి పుండున్నవాళ్లు, ముఖ్యంగా మధుమేహమున్నవాళ్లు, తొడుగు లేకుండా తొట్టినీటిని ముట్టవద్దు. తొట్టి పనిచేసేవారికి చేతిమీద మానని బొడిపె లేస్తే, తొట్టి సంగతి డాక్టరుకు చెప్పండి.

పిట్టలు, బల్లులు, ఎలుకలు తొట్టి మీద తిరుగుతాయి. ఆకు కూరకు కోసినా, పచ్చడికి కోసినా ధారకింద బాగా కడగాలి.

చేపకు జబ్బు చేసిందని మాత్రలు, పురుగు పట్టిందని మందులు కొట్టకండి. చివరికి తినేది మీరే.

చేపలు చస్తే?

బాధపడండి, కాని ఆ రోజే లేవండి. చచ్చిన చేపల్ని పాతిపెట్టి, నీరంతా పారబోయండి. డ్రమ్ము లోపలి గోడలను పీచుతో గట్టిగా రుద్దండి. డెంగీ దోమ నీటి అంచుకు కాస్త పైన గోడకే గుడ్లు అంటిస్తుంది. అవి ఎండిన డ్రమ్ములో నెలల తరబడి బతికి, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. నీరు పారబోసినంత మాత్రాన పని కాదు. రుద్ది, ఎండబెట్టి, బోర్లించండి. ఊరికి వెళ్లేటప్పుడు పక్కింటివారికి చిటికెడు మేత, తొట్టి బాధ్యత అప్పగించి వెళ్లండి.

ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే పారాసెటమాల్ తప్ప నొప్పి మాత్రలు వేయకండి. జ్వరం తగ్గిన వేళ కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల రక్తం, మగత కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి రండి. జ్వరం తగ్గింది కదా అని ఊరుకోవద్దు.

సూర్యాపేట తండ్రి మొన్న కనిపించాడు. డ్రమ్ము రుద్ది మళ్లీ మొదలుపెట్టాడట. "ఈసారి అయిదే చాపలు సారూ," అన్నాడు. పిల్లవాడు రోజూ పొద్దున లెక్కపెడుతున్నాడట. మీరూ లెక్కపెట్టగలిగినన్ని చేపలతోనే మొదలుపెట్టండి.