వేలిముద్ర మనది, పరిశోధన ఎవరిది?

వాడ మొగదల జీపు ఆగుతుంది. దిగినవాళ్లు ఎత్తు, బరువు కొలుస్తారు, నెత్తురు తీసుకుంటారు, కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటారు. ఎందుకు సారూ అంటే, మీ మంచికే అంటారు. ఆ నెత్తురు ఎక్కడికి పోయిందో, ఆ లెక్కలు ఎవరి పేరున అచ్చయ్యాయో వేలిముద్ర వేసిన మనిషికి తెలియదు. ప్రజారోగ్య పరిశోధనలో విదేశీ విశ్వవిద్యాలయాల భాగస్వామ్యాన్ని మేము ఈ కొస నుంచి చూడదలచుకున్నాం.

ఈ భాగస్వామ్యం సాధారణంగా ఎట్లా నడుస్తుంది? డబ్బు ఎక్కువగా అక్కడి నిధి సంస్థల నుంచి వస్తుంది. ఏ ప్రశ్న అడగాలన్నది చాలాసార్లు ఆ డబ్బుతోనే తేలిపోతుంది. ఇక్కడి సంస్థ ఊళ్లను, మనుషులను, సర్వే సిబ్బందిని సమకూరుస్తుంది. శరీరం వాడది, ప్రశ్న బయటివాళ్లది. పని విభజనంటే ఏమిటో కులం మనకి ఎప్పుడో నేర్పింది కనుక ఇది మనకి కొత్తగా తోచదు.

అట్లాగని విదేశీ విశ్వవిద్యాలయం అనగానే తలుపు మూసెయ్యమని మేము అనడంలేదు. అంబేద్కర్ కొలంబియాలో, లండన్‌లో చదివినవాడే. మన దగ్గర జరిగిన మంచి పనీ ఉంది. హైదరాబాదు సమీపంలోని 29 గ్రామాల్లో 1987-90 మధ్య గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం ఇచ్చి చూసిన అధ్యయనం ఒకటి జరిగింది. కొన్ని ఊళ్లకు అప్పటికే ఐసీడీఎస్ ఆహారం అందుతోంది, కొన్నిటికి ఇంకా రాలేదు. ఆ తేడా మీదే అధ్యయనం నిలబడింది. 2003-05లో జాతీయ పోషకాహార సంస్థ, బ్రిటన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు కలిసి ఆ పిల్లలను మళ్లీ వెతికి పరీక్షించారు. 13-18 ఏళ్ల 1,165 మందిని చూస్తే, ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. గుండెజబ్బు, మధుమేహాలకు దారితీసే కొన్ని లక్షణాలూ వాళ్లలో తక్కువగా కనిపించాయి. 2008లో అచ్చయిన ఈ ఫలితం, తల్లి కడుపులో ఉన్నప్పటి తిండి యవ్వనం దాకా వెంట వస్తుందని చెప్పింది. అంగన్‌వాడీ కోసం కొట్లాడేవాళ్ల చేతికి ఇది పనికొచ్చే ఆధారం. అయితే మా ప్రశ్న ఇంకొకటుంది. ఊరికి ఆహారం వచ్చింది సరే, వాడకి వచ్చిందా? అంగన్‌వాడీ ఊళ్లో ఉందా, వాడలో ఉందా? ఊరుని ఒకే ముద్దగా లెక్కేస్తే ఈ తేడా సగటులో మునిగిపోతుంది.

రెండో అనుభవం ఖమ్మానిది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా మీద ఒక ప్రాజెక్టు మొదలైంది. విశ్వవిద్యాలయం కాదుగాని, అమెరికా సంస్థ పాత్, మన ఐసీఎంఆర్ కలిసి చేసిన పని అది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ల బాలికలకు, సుమారు 14 వేల మందికి టీకా వేశారు. వాళ్లలో ఆశ్రమ పాఠశాలల ఆదివాసీ పిల్లలు ఎందరో. కొందరు బాలికల మరణాల తర్వాత 2010లో ప్రాజెక్టు ఆగింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. ఆ టీకా పనికొచ్చేదే. తప్పు సమ్మతి దగ్గర జరిగింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం బయటపెట్టిన లెక్క ప్రకారం, పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 మీద సంతకం హాస్టల్ వార్డెన్లది. 1,948 మీద వేలిముద్రలున్నాయి. అమ్మానాన్న దూరాన కూలి పనుల్లో ఉంటే, బిడ్డ శరీరం మీద హక్కు వార్డెన్‌కి ఎవరిచ్చారు?

మూడోది అమెరికాదే. గ్రాండ్ కాన్యన్‌లో ఉండే హవసుపాయి ఆదివాసీల దగ్గర అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 1990 నుంచి మధుమేహం పేరు చెప్పి రక్తం తీసుకున్నారు. అదే రక్తాన్ని స్కిజోఫ్రీనియా మీద, వాళ్ల పూర్వీకుల వలసల మీద పరిశోధనలకీ వాడారు. హవసుపాయిలు కోర్టుకెక్కారు. 2010లో విశ్వవిద్యాలయం 41 మందికి 7 లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన నమూనాలను వెనక్కి అప్పగించింది. అడిగితే నెత్తురు కూడా తిరిగొస్తుందని వాళ్లు చూపించారు.

మన దగ్గర నియమాలు లేకపోలేదు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఊరిపెద్దో, సంస్థ అధికారో ఒప్పుకున్నంత మాత్రాన సరిపోదు, ఎవరి సమ్మతి వాళ్లే ఇవ్వాలి. చదువురాని మనిషి వేలిముద్ర వేసేటప్పుడు పక్షపాతం లేని సాక్షి ఉండాలి. ఏ దశలోనైనా తప్పుకునే హక్కుంది. నియమం పుస్తకంలో ఉంటే చాలదు, వాడకి తెలియాలి. అందుకే ఈసారి జీపు వచ్చినప్పుడు కార్యకర్తలు, టీచర్లు, విద్యార్థులు పక్కన నిలబడి అడగవలసిన మాటలివి: ఈ ప్రశ్న ఎవరిది? డబ్బు ఎవరిది? నమూనా ఎక్కడ దాస్తారు, మరో పనికి వాడితే మళ్లీ అడుగుతారా? జబ్బు బయటపడితే వైద్యం ఎవరు చేయిస్తారు? ఫలితాన్ని తెలుగులో వాడకొచ్చి చెబుతారా? మన పిల్లలు ఈ పరిశోధనలో నమూనాలుగానే ఉంటారా, పరిశోధకులుగా కూడా ఉంటారా?

ఆఖరి ప్రశ్నకి జవాబు వచ్చేదాకా భాగస్వామ్యం అనే మాటని మేము సగం మాటగానే లెక్కేస్తాం.