పడవే ఇల్లు.. చుక్క నీటికీ లెక్కే!

చలికాలం వచ్చిందంటే రీల్స్‌లో ఒక వీడియో మన కళ్లబడకుండా ఉండదు. తెల్లటి పడవ, నీలం నీళ్లు, ఒళ్లో ల్యాప్‌టాప్, చేతిలో కొబ్బరిబోండాం. కింద కామెంట్లలో ‘లైఫ్ అంటే ఇదీ బ్రో’ అని మనవాళ్లు. నవంబరు నుంచి మార్చి దాకా నేనున్నది అలాంటి పడవలోనే. కొబ్బరిబోండాం తప్ప మిగతావన్నీ నిజమే. కాకపోతే ఆ వీడియోలో కనిపించని సంగతులే ఎక్కువ.

నా ఉద్యోగం మాడ్రిడ్‌లో. చలికాలం రాత్రిళ్లు అక్కడ సున్నా డిగ్రీల దాకా పడిపోతాయి. మా టీమ్‌లో ఒకాయనకి గ్రాన్ కనారియా దీవిలో పది మీటర్ల తెరచాప పడవ ఉంది. ‘ఈ ఐదు నెలలు నేను వెళ్లలేను, పడవ చూసుకుంటూ అందులోనే ఉండి పని చేసుకుంటావా?’ అన్నాడు. ఆఫీసూ సరేనంది. అప్పటికే నా దగ్గర నాలుగేళ్లుగా దాచిన డబ్బుంది. దాంతో హైదరాబాద్‌లో త్రీ బీహెచ్‌కే ఫ్లాట్‌కి అడ్వాన్స్ కట్టమంటారు నాన్న. ఓ పాత పడవ కొంటే ఎలా ఉంటుందని నా ఆలోచన. ఉండి చూస్తే తేలిపోతుంది కదా అని బయల్దేరాను. అమ్మ మాత్రం ‘ఏరా, నేలమీద ఇల్లే దొరకలేదా నీకు?’ అంది.

అట్లాంటిక్ గుమ్మం

కనారీ దీవులు స్పెయిన్‌వే అయినా, ఉండేది ఆఫ్రికా తీరం పక్కన. మన ఢిల్లీలాగే 28 డిగ్రీల అక్షాంశం. సముద్రం పుణ్యమా అని జనవరిలోనూ పగలు 20 డిగ్రీలు, రాత్రి 15 దగ్గర ఉంటుంది. లాస్ పాల్మాస్ నగరంలోని మెరీనాలో వెయ్యికి పైగా పడవలు కట్టుకోవచ్చు. మెరీనా అంటే పడవలకి గేటెడ్ కమ్యూనిటీ అనుకోండి. అద్దె కడితే కరెంటు, నీళ్లు, ఒడ్డున స్నానాల గదులు ఉంటాయి.

1492లో కొలంబస్ కూడా తన పింటా ఓడ చుక్కానిని ఈ దీవిలోనే బాగుచేయించుకున్నాడు. అట్లాంటిక్ దాటేవాళ్లు ఇప్పటికీ ఇక్కడ ఆగి సరుకులు నింపుకుంటారు. అవతలి ఒడ్డున హరికేన్ల కాలం నవంబరు చివరికి ముగుస్తుంది. ఆ సమయానికి కరీబియన్ దాకా తోసుకెళ్లే వ్యాపార పవనాలు కుదురుకుంటాయి. 1986లో మొదలైన ఆర్క్ అనే పడవల యాత్ర నవంబరులో ఇక్కణ్నుంచే సెయింట్ లూసియాకి వెళ్తుంది. 2,700 నాటికల్ మైళ్లు, దాదాపు మూడు వారాల ప్రయాణం. ఆ పడవలు వెళ్లిపోయాక మెరీనాలో సందడి తగ్గుతుంది. రిటైరైన జంటలు, డబ్బు సరిపోక మరమ్మతు ఆగిపోయినవాళ్లు, నాలాంటి ల్యాప్‌టాప్ జీవులు మిగులుతారు.

బ్యాటరీ ఎంత, పని ఎంత?

ఒడ్డునుంచి మా పడవకి వచ్చే కరెంటు 230 వోల్టులు, 16 ఆంపియర్లు. అంటే 3,680 వాట్లు. రెండు వేల వాట్ల కెటిల్, రెండు వేల వాట్ల ఇండక్షన్ స్టవ్ ఒకేసారి పెట్టారా, టప్పున ఫ్యూజు. క్లయింట్ కాల్ మధ్యలో అయితే మరీ కష్టం.

ఒడ్డు కరెంటు ఆగితే బ్యాటరీయే దిక్కు. మాది 12 వోల్టుల, 200 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ. దాన్ని సగానికి మించి ఖాళీ చేస్తే తొందరగా పాడవుతుంది కాబట్టి చేతికొచ్చేది 1,200 వాట్-అవర్లే. 60 వాట్ల ల్యాప్‌టాప్ ఎనిమిది గంటలకి 480 తింటుంది. చిన్న ఫ్రిజ్ రోజుకి మరో 480. మిగిలిన 240తోనే లైట్లు, వైఫై, ఫోన్.. అన్నీ.

నీళ్లూ అంతే. ట్యాంకు 200 లీటర్లు. ఈ నగరంలో కుళాయికి వచ్చే నీళ్లలో ఎక్కువ భాగం సముద్రపు నీటిలో ఉప్పు తీసి ఇచ్చేవే. గిన్నెలు ముందు తుడిచి, తర్వాత కడగడం నేర్చుకున్నా. బిందెలతో నీళ్లు మోసిన మా అమ్మమ్మకి ఇదంతా చెబితే ‘ఇందులో వింతేముంది?’ అంది.

అన్నం, పప్పు ఒకే కుక్కర్‌లో. అదే గ్యాస్ పొదుపు. కందిపప్పుకి కొదవ లేదు. సింధీ వ్యాపారులు వందేళ్లకు పైగా ఈ ఊళ్లో ఉన్నారు, మన సరుకులు దొరుకుతాయి. మొదటి విజిల్‌కి పక్క పడవలోని పెద్దాయన ఏదో పేలిపోతోందని పరుగెత్తుకొచ్చాడు. తర్వాత పప్పుకి అలవాటుపడ్డాడు!

భయపడాల్సింది తుపానుకి కాదు

రేవులో ఉన్న పడవకి అలల భయం తక్కువ. అసలు ప్రమాదం కాలు జారడం. రాత్రి ఒంటరిగా, తడిసిన చెక్కమీద నుంచి నీళ్లలో పడితే ఈత వచ్చినా పైకెక్కడం కష్టం. పడవ అంచు చేతికి అందదు, పట్టుకోడానికి ఏమీ ఉండదు. అందుకే మొదటి రోజే ఆ పెద్దాయన నాకు నిచ్చెనలు ఎక్కడెక్కడున్నాయో తిప్పి చూపించాడు. నీళ్లలోంచి కూడా లాగి దించుకోగలిగేలా మా పడవ నిచ్చెనకి తాడు కట్టించాడు.

రెండోది గ్యాస్. ఎల్పీజీ గాలికన్నా బరువు. ఇంట్లో లీకైతే కిటికీలు తెరుస్తాం. పడవలో అది అడుగుకి చేరి అక్కడే నిలిచిపోతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. వంట అవగానే సిలిండర్ దగ్గరే వాల్వు కట్టేయాలి.

గాలి పెరిగిన రాత్రి ఎవరూ సరిగ్గా నిద్రపోరు. తాడు రాపిడికి తెగుతోందేమో చూసుకోవాలి. మన పడవవే కాదు, యజమాని ఊళ్లో లేని పక్క పడవ తాళ్లు కూడా బిగించాలి. అది తెగితే వచ్చి గుద్దేది మననే మరి. మాడ్రిడ్‌లో మా ఎదురు ఫ్లాట్‌లో ఎవరుంటారో నాకు ఇప్పటికీ తెలియదు. ఇక్కడ అటూ ఇటూ పది పడవలవాళ్ల ఫోన్ నంబర్లు నా దగ్గరున్నాయి.

ఇదే సముద్రంలో వేరే పడవలూ వస్తాయి. పశ్చిమాఫ్రికా నుంచి చెక్క పడవల్లో కిక్కిరిసి, ప్రాణాలకు తెగించి వచ్చేవాళ్లు. ఒక్క 2024లోనే 46 వేల మందికి పైగా కనారీ దీవులకి అలా చేరారు. దారిలోనే పోయినవాళ్లు ఎందరో. ఆ వార్త చూసిన రోజు ‘పడవలో స్వేచ్ఛ’ అని ఫొటో పెట్టడానికి నాకు చేయి రాలేదు.

మరి కొన్నానా?

కొనలేదు. పడవ ధరలో పదో వంతు ఏటా నిర్వహణకే పోతుందని ఇక్కడివాళ్లు అంటారు. రేవు అద్దె, బీమా, పడవని పైకి తీసి అడుగున నాచు గీకి రంగు వేయడం, తాడు, పంపు.. ఖర్చుకి అంతుండదు. డబ్బుకన్నా పెద్ద సమస్య టైమ్. శని, ఆదివారాల్లో ఒకటి పడవకి ఇచ్చేయాల్సిందే. ఉద్యోగం చేస్తూ అంత ఇవ్వడం నావల్ల కాదని తేలిపోయింది.

అలాగని నాన్న చెప్పిన ఫ్లాట్‌కీ అడ్వాన్స్ కట్టలేదు. పది మీటర్లలో ఐదు నెలలు బతికాక నాకెంత చోటు కావాలో అర్థమైంది. త్రీ బీహెచ్‌కే వద్దు, టూ బీహెచ్‌కే చూద్దాం, లోన్ కూడా తగ్గుతుందని చెప్పా. వచ్చే బంధువులు ఎక్కడ పడుకుంటారని ఆయన పట్టు. ఆ చర్చ ఇంకా నడుస్తోంది.

మీకూ పడవ మీద మనసైతే ముందు కొనకండి. ఎవరిదైనా చూసుకునే పని దొరుకుతుందేమో వెతకండి. మెరీనా వాళ్లు పడవలో నివాసం ఉండనిస్తారో లేదో, బీమా మీకూ వర్తిస్తుందో లేదో కాగితం మీద తీసుకోండి. ఒక నెల ఉండండి. గాలివాన రాత్రి ఒకటి గడిచాక కూడా ఇష్టం అలాగే ఉంటే, అప్పుడు బేరం మొదలుపెట్టండి.