నవ్వు ఎవరి మీద?

చెడ్డవాణ్ణి కథకు కేంద్రంగా నిలిపి, అతని నోట వినరాని మాటలు పలికించి నవ్వించడం అభ్యుదయ రచయిత చేయదగిన పనేనా? గిరీశాన్ని చూసి నవ్వుకునే మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు. టెలివిజన్ దాన్ని కోట్ల ఇళ్ళలోకి తీసుకుపోయింది. అక్కడ దొరికిన జవాబు పరిశీలించదగింది.

1966–75 మధ్య బి.బి.సి. ప్రసారం చేసిన 'టిల్ డెత్ అజ్ డూ పార్ట్' కోసం జానీ స్పైట్ ఆల్ఫ్ గార్నెట్ అనే పాత్రను సృష్టించాడు. గార్నెట్ లండన్ ఈస్ట్ ఎండ్ కార్మికుడు. కాని నల్లవారినీ, యూదులనూ, స్త్రీలనూ నోటికొచ్చినట్టు తూలనాడతాడు. ఆ పాత్ర ధరించిన వారెన్ మిచెల్ స్వయంగా యూదుడు. దీని ఆధారంగా నార్మన్ లియర్ అమెరికాలో రూపొందించిన 'ఆల్ ఇన్ ది ఫ్యామిలీ' 1971 నుంచి 1979 దాకా సాగింది. వరుసగా అయిదు సీజన్లు ప్రేక్షకాదరణలో ప్రథమస్థానంలో నిలిచింది. అందులో గార్నెట్‌కు ప్రతిరూపం ఆర్చీ బంకర్.

ఈ హాస్యం ఎందుకు పండింది? మొదటి కారణం, రచయిత ఆర్చీ నోరు కట్టెయ్యలేదు. అతని తర్కాన్ని అతని చేతనే కూల్పించాడు. 1972 నాటి ఒక భాగంలో నల్లజాతి గాయకుడు శామీ డేవిస్ జూనియర్ ఆర్చీ ఇంటికి వస్తాడు. ప్రముఖుడు వచ్చాడని పొంగిపోయే ఆర్చీ, చూపించే మర్యాదలోనే తన దురభిమానాన్ని బయటపెట్టుకుంటాడు. ఫోటో తీసే క్షణంలో డేవిస్ అతని చెంప మీద ముద్దు పెడతాడు. జనం నవ్వింది ఆర్చీ ముఖం చూసి.

రెండవది, అదే గదిలో ఎదురు చెప్పే గొంతులున్నాయి: కూతురు, అల్లుడు, పొరుగింటి నల్ల యువకుడు. పైగా అభ్యుదయం మాట్లాడే అల్లుడు మామ తిండి తింటూనే భార్య మీద పెత్తనం చేస్తాడు. రచయిత మనవాణ్ణీ వదిలిపెట్టలేదు.

మూడవది, ఆర్చీ రాక్షసుడు కాడు. సరుకులు ఎగుమతి చేసే చోట మేస్త్రీ. మారుతున్న లోకంలో తన చోటు పోతుందని భయపడుతున్నవాడు. పైవాడి మీదికి పోవలసిన కోపం పక్కవాడి మీదికి మళ్ళుతుంది. ఈ సామాజిక మూలాన్ని చూపకపోతే ఆ పాత్ర వట్టి తిట్లపురాణం అయ్యేది.

అయినా వ్యంగ్యం తనంతట తాను సంస్కరించదు. విడ్మార్, రోకీచ్ అనే పరిశోధకులు 1974లో ప్రచురించిన అధ్యయనంలో, దురభిమానం ఎక్కువగా ఉన్న ప్రేక్షకులు ఆర్చీనే మెచ్చుకున్నారు; వాదనలో గెలిచింది అతనేనని భావించారు. నాకు ఇది తరగతి గదిలోనే అనుభవం. 'కన్యాశుల్కం' చెప్పిన ప్రతిసారీ కుర్రాళ్ళు గిరీశం ఇంగ్లీషును అనుకరిస్తూ బయటికి పోతారు. వాళ్ళను ఆపి ఒక్కటే అడుగుతాను: "బుచ్చమ్మ మాటేమిటిరా?" నవ్వు ఆగిపోదు. దాని దిశ మారుతుంది.

కాబట్టి పరీక్షించవలసింది మాటల మొరటుదనాన్ని కాదు, దెబ్బ తగిలే చోటును. నేడు మన టి.వి. ప్రహసనాల్లో ఆడదాని లావునూ, నల్లటి ఒంటినీ, నత్తినీ చూపి నవ్విస్తున్నారు. అక్కడ ఎదురు చెప్పే గొంతు లేదు. దురభిమానం పాత్రది కాదు, రచనదే. దుర్మార్గుణ్ణి రాయడానికి మనం జంకనక్కరలేదు. అతని పక్షాన నిలబడి నవ్వించడానికే జంకాలి.