మట్టి యిటుకలు

ఆదోని నుండి ఎమ్మిగనూరునకు పోవు దారిలో ఏ పల్లెలోనికి దిగినను పాత మిద్దెయిండ్లు కనబడును. రాతిగోడలు, మట్టిపూత, పైన దూలములు, దంతెలు, వానిపై పఱచిన బండలు, అన్నిటికిని పైన చౌడుమన్ను. ఈ మిద్దెలు ఎండకాలమున చల్లగా నుండుననుట నిజమే. కాని యేటేట తొలకరికి ముందు చౌడు మోయుట, గోడకు మన్ను మెత్తుట, పండుగ పండుగకు పేడతో అలుకుట యెవరి పని? మన పనియే. ఇల్లు కట్టునపుడు మాత్రము ఏ మన్ను తేవలెనని మన నడుగువారు లేరు. కావున ఆ మన్నును గూర్చియే సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి.

2009వ సంవత్సరము అక్టోబరు మొదట తుంగభద్ర పొంగి మంత్రాలయమును ముంచిన వానలను ఈ సీమవారు మరువలేదు. ఆ వానలలోనే ఎమ్మిగనూరు చేరువ పల్లెలో మా పెదతల్లిగారి కుమార్తె యింటి పడమటిగోడ కూలెను. ఆమెది నేతపని. గోడ యడుగున తడి చూచి, ముందటి రాత్రియే పసిబిడ్డ ఊయెలను తూర్పుగదికి మార్చినది. గుంటమగ్గమును మార్చుట యెట్లు? పడుగంతయు బురదపాలయ్యెను. ఆ గోడను మరల బురదతోనే లేపి ఏండ్లు గడిపిరి.

గడచిన యేడు ఆ గోడను, దాని ప్రక్క గదిని తీసి కట్టదలచిరి. కాల్చిన యిటుకలకు సొమ్ము చాలలేదు. కొంచెము సిమెంటు కలిపి మట్టితోనే యిటుకలు ఒత్తవచ్చునని యెవరో చెప్పగా, బేలుదారి పెరటిలోని నల్లరేగడినే త్రవ్వి, మూడు మూటల సిమెంటు కలిపి ఒత్తెను. వారము తిరుగకముందే యిటుకలన్నియు నెఱ్ఱెలు విచ్చెను. "మన్ను మన్నే గదే అమ్మాయీ, నేను చెప్పలేదా?" అని అత్తగారనిరి. మా యక్క మాఱాడక, ఒక యిటుకను కాలితో త్రోసి లోనికి పోయినది.

తప్పు మట్టిది కాదు. నల్లరేగడి నీరు త్రాగి ఉబ్బును, ఎండి ముడుచుకొనును. వేసవిలో చేలు బీటలు వారుట మనము చూచుచున్నదే. సిమెంటు ఇసుక రేణువులను పట్టి బంధించును గాని జిగటమన్నును లొంగదీయజాలదు. జిగటకు మందు సున్నము.

మట్టిని పరీక్షించుటకు ఒక గాజు సీసా చాలును. పైపొరలో వేళ్లు, పేడ, కసవు ఉండును గావున రెండడుగుల లోతు మన్ను తీయవలయును. మూడవవంతు సీసా మన్ను, మిగిలినది నీరు పోసి, చిటికెడు ఉప్పు వేసి, బాగుగ కదిపి, ఒకరాత్రి కదపక ఉంచుడు. ఇసుక నిమిషములోనే అడుగున చేరును, ఒండు దానిపై నిలుచును, జిగటమన్ను కడపట దిగును. మూడింట రెండు పాళ్లు ఇసుక, ఆరింట ఒక పాలు లేక అంతకు కొంచెము తక్కువ జిగట యున్న మన్ను యిటుకకు పనికివచ్చును. మా యక్క పెరటి సీసాలో సగము జిగటయే! ఇది చూచిన పిదప అత్తగారు కూడ సీసా చుట్టు తిరుగసాగిరి.

రెండవమారు జరిగిన కలుపు ఇది. నాలుగు తట్టల రేగడిని గడ్డలు లేకుండ చితుకగొట్టి జల్లించి, అర తట్ట చల్లార్చిన సున్నపుపొడి చల్లి, కొంచెము తడిపి, గోనెలు కప్పి ఒకరాత్రి ఉంచిరి. ఉదయమునకు రేగడి జిగట తప్పి పొడిపొడిగా విడిపోయెను. దానిలో పండ్రెండు తట్టల గరుసిసుక, ఒక తట్ట సిమెంటు వేసి, బండపఱపుపై రంగు ఒక్కటియగు వఱకు పొడిగనే త్రిప్పిరి. తరువాతనే నీరు, అదియు చిలకరించుటయే. పిడికిట పట్టిన ముద్దను రొమ్మెత్తునుండి విడిచిన నాలుగైదు ముక్కలు కావలెను. పొడియైన నీరు చాలదు, చదునై అంటుకొన్న నీరెక్కువ. సిమెంటు కలిపిన మన్నును గంటలోపల ఒత్తివేయవలయును. మధ్యాహ్నభోజనమునకు కుప్ప విడిచిపోవు కూలీలను ఆపుట ఇంటివారి పనియే. సున్నము చేతులను తినివేయును. కొబ్బరినూనె వ్రాసికొని తొడుగులు వేసికొనుడు, పిల్లలను దూరముంచుడు.

చేతిమీటతో ఒత్తు యంత్రము 1950 తరువాత దక్షిణ అమెరికాలోని కొలంబియాలో పుట్టినది. మన పొరుగున బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థలో 1974లో ఏర్పడిన ఆస్ట్రా విభాగమువారు అట్టి యంత్రములను మన పల్లెలకు తగినట్లు చేసిరి. ఒత్తిన యిటుకలను నీడన పేర్చి, తడిగోనెలు కప్పి, మూడు వారములు తడి ఆరనీయరాదు. నీళ్లకఱవు సీమలో ఇదియే కష్టము. మా యక్క బట్టలు జాడించిన కడపటి నీటిని కుండలలో నిలువచేసి చల్లినది. అందు సబ్బు లేకుండ చూచుకొనెను.

ఇటుక మంచిదైనంత మాత్రమున పునాది మంచిది కాదు. రేగడి నేలలో పునాదిగుంట లోతుగ త్రవ్వి, గరుసు నింపి దిమ్మిసతో కొట్టి, నేలకు రెండడుగుల యెత్తు రాతికట్టు కట్టి, దానిపైననే ఈ యిటుకలు పెట్టవలయును. చూరు కొంచెము ముందునకు రావలయును, దోనెనీరు గోడనంటరాదు.

గోడ లేపుటకు ముందు ఒక యిటుకను తొట్టినీట రాత్రియంతయు నానబెట్టిరి. తెల్లవారి అత్తగారే దానిని తీసి, గోటితో గీకి చూచి, మాటాడక గడప ప్రక్క కాళ్లు కడుగుకొను చోట పెట్టిరి. ఒక వానకాలము గడచినను అంచులు చెదరక అది అక్కడనే యున్నది.