పోలీసు ఉద్యోగిపై నేరారోపణ వచ్చినప్పుడు

చట్టమును కాపాడవలసినవాడే దానిని అతిక్రమించినాడని ఆరోపణ వచ్చినచో ఎవరితో మొరపెట్టుకొనవలెను? స్టేషనుపై ఫిర్యాదును ఆ స్టేషనులోనే చేయుటకు జనులు జంకుదురు. అట్టివారు పంచాయతీ సభ్యుని ఆశ్రయించుట సహజము. కనుక చట్టము చూపిన మార్గమును సభ్యులు ఎరిగియుండుట అవసరమని మేము తలంచుచున్నాము.

నేరము చేసిన పోలీసు ఉద్యోగికి శిక్షాశాసనము నుండి మినహాయింపు లేదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత, 120వ సెక్షను ప్రకారము, నేరము ఒప్పించుటకై కొట్టి గాయపరచినవానికి 7 సంవత్సరముల వరకు, గాయము తీవ్రమైనచో 10 సంవత్సరముల వరకు ఖైదు విధింపవచ్చును.

ఫిర్యాదును నోటిమాటగాగాని, వ్రాతపూర్వకముగాగాని ఇయ్యవచ్చును. స్టేషనులో దానిని నమోదు చేయనిచో, జిల్లా పోలీసు సూపరింటెండెంటునకు తపాలాలో పంపవచ్చును. అచటను ఫలితము లేనిచో ప్రమాణపత్రముతో మెజిస్ట్రేటును ఆశ్రయింపవచ్చును. ఆరోపణ ఉద్యోగధర్మ నిర్వహణలో జరిగిన పనికి సంబంధించినదైనచో, మెజిస్ట్రేటు పై అధికారి నివేదికను తెప్పించుకొని, ఆ ఉద్యోగి చెప్పుకొనునది కూడ పరిశీలించిన పిమ్మట దర్యాప్తునకు ఉత్తరువు చేయవచ్చును. ప్రభుత్వానుమతి అవసరమైన కేసులలో 120 దినములలోగా నిర్ణయము వెలువడనిచో, అనుమతి లభించినట్లే భావింపవలెనని చట్టము చెప్పుచున్నది.

నిర్బంధములో మరణము సంభవించినచో, పోలీసు దర్యాప్తుతోపాటు మెజిస్ట్రేటు విచారణ కూడ జరుగవలెను. ఆ మరణమును 24 గంటలలో జాతీయ మానవ హక్కుల సంఘమునకు తెలుపవలెనని 1993 నుండి ఆదేశము కలదు. ఇతర ఫిర్యాదులను సయితము, ఘటన జరిగిన సంవత్సరములోగా, రుసుము లేకుండ ఆ సంఘమునకు పంపుకొనవచ్చును.

ఇచట ఒక భేదమును గుర్తింపవలెను. బదిలీయు, సస్పెన్షనును శాఖాపరమైన చర్యలు మాత్రమే. అవి జరిగినంతమాత్రమున నేరవిచారణ ముగిసినట్లు కాదు.

ఇక సభ్యులు చేయదగినదేమి? అరెస్టయిన వానిని, ప్రయాణకాలము మినహా, 24 గంటలలో మెజిస్ట్రేటు ఎదుట హాజరుపరచవలెను. కావున పట్టుకొనిపోయిన తేదీని, వేళను, చూచినవారి పేర్లను వెంటనే వ్రాసియుంచుడు. గాయపడినవానిని ఆలసింపక ప్రభుత్వ వైద్యశాలకు చేర్చి, గాయముల వివరములను నమోదు చేయింపుడు. గాయము మానిన పిదప సాక్ష్యము దొరకుట కష్టము. జరిగినదానికి ఒక్క మాటయైనను చేర్చవలదు. అతిశయోక్తి వలన నిజమైన ఫిర్యాదు కూడ వీగిపోవును.

అన్నిటికంటె ముఖ్యముగా, ఇట్టి విషయమును రచ్చబండపై రాజీచేయ యత్నింపకుడు. బాధితుడు న్యాయస్థానము చేరువరకు అతనికి తోడుగా నిలుచుటయే మీ ధర్మము.